రాగిరేకు, అద్దపుబిళ్ల

మా యింట్లో ఒక పాత సీడీ ప్లేయరు ఉంది. 1990ల నడుమ కొన్నది, జపాను తయారీ, ఎత్తితే ఇప్పటి యంత్రాలు రెండింటి బరువు. మొన్న వేసవిలో అది మొండికేసింది. పళ్లెం బయటికి రాదు. చేత్తో లాగి బిళ్ల పెడితే కాసేపు గిరగిరా తిప్పి, లోపల ఏమీ లేదని పచ్చటి అక్షరాలతో చెబుతుంది. పోతే పోయిందని ఊరుకోవలసిన వస్తువే. కాని దానిలో నేను పెట్టినది అంగట్లో దొరికే బిళ్ల కాదు. మా మేనత్త పాడిన పాటలవి. పుత్తూరు దగ్గరి పల్లెలో ఆమె పాడగా టేపులో పట్టి, ఆ అరవై నిమిషాల క్యాసెట్టును 2003లో తిరుపతిలో ఒక చోట సీడీలోకి ఎక్కించాను. క్యాసెట్టు తరువాతి కాలంలో ఇల్లు మారడంలో పోయింది. మేనత్తా పోయింది. చివరి పాట అన్నమయ్య జోలపాట. ఇప్పుడు సభలలో విశేషంగా వినిపించే నవరోజు వరస కాదది. ఆమె తన అవ్వ దగ్గర, రేడియో ఊళ్లోకి రాకముందు నేర్చుకున్న వరస.

గాంధీరోడ్డు వెనుక సందులో టీవీలు బాగుచేసే ఒకాయన దగ్గరికి పట్టుకుపోయాను. మూత విప్పి చూసి, "సామీ, దీని లెన్సు పోయుండాది. ఈ మోడలుకి ఇప్పుడు యాడా దొరకదు. అటక మింద పెట్టేసి బ్లూటూతుది ఒకటి కొనుక్కోండి" అన్నాడు. మంచి మాటే, ఆయన దృష్టిలో. ఒకప్పుడు ఇటువంటి సరకు కావలసివస్తే మనవాళ్లు పొద్దున రైలు ఎక్కి చెన్నై రిచీ స్ట్రీటుకు పోయి, సాయంత్రానికి జేబులో పొట్లంతో తిరిగివచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ వీధిలో కూడా ఈ పాత లెన్సులు గాలించవలసిందే.

యంత్రాన్ని చంకన పెట్టుకొని ఇంటికి వస్తుంటే క్యాంబెల్ దొర జ్ఞాపకం వచ్చాడు. ఎక్కడి దొర, ఎక్కడి సీడీ ప్లేయరు అనుకోకండి.

ఎ. డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చువేయించాడు. తిరుపతి కోవెలలో రాగిరేకుల మీద ప్రాచీన గ్రంథమేదో చెక్కి ఉందని ఆయన చెవిన పడింది. ఒక పండితునిచేత పరీక్ష చేయించాడు. అవి దేవుని స్తుతించే కీర్తనలేనని తేలింది. వెతికినది దొరకలేదు కనుక ఆ సంగతి పీఠికలో నమోదుచేసి ఆయన ముందుకు సాగిపోయాడు. తాళ్లపాకవారి సంకీర్తన భాండాగారం తెల్లవాడి దృష్టికి వచ్చి, మళ్లీ చీకట్లోకి వెళ్లిపోయిన సందర్భమది. లోపల ఉన్నది వేరు, చదివేవాడు కోరినది వేరు. మా యంత్రం "బిళ్ల లేదు" అన్నప్పుడు నాకు వినిపించినది ఆ పీఠికే.

మరి నూరేళ్లకు, 1922లో, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ రేకులను గుర్తించారు. అప్పటికి తిరుమల పాలన హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. దేవస్థానం కమిటీ ఏర్పడినది 1933లో. తరువాత రేకులు కొండ దిగివచ్చాయి. పండితులు విడదీసి, చదివి, సంపుటాలుగా అచ్చువేయించారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఈ పనికి జీవితపు చివరి దశాబ్దాన్ని ధారపోసి 1950లో కన్నుమూశారు. అన్నమయ్య 1424 నుంచి 1503 దాకా పాడినవి ముప్పైరెండువేలని వాడుక. మనకు దక్కినవి అందులో సగం కూడా కావు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దానిని చాలామంది మరచిపోతారు. రేకులో పాట ఉంది, పాట నెత్తిన రాగం పేరు ఉంది, స్వరం లేదు. చెక్కించిన చిన్నన్నకో పెదతిరుమలయ్యకో అది లోపమని తోచి ఉండదు. పాడేవాళ్లు ఎదుటే ఉన్నారు కదా! తీరా నాలుగు వందల ఏళ్ల తరువాత రేకు మిగిలింది, పాడే గొంతుల పరంపర తెగింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో ఉద్యోగం విరమించి తిరుపతి వచ్చి కూర్చున్నది ఈ ఖాళీని పూరించడానికే. ఆయన సాహిత్యం పరిష్కరించారు, కొన్ని కీర్తనలకు స్వరం కట్టి ప్రకటించారు. ఇవాళ మనం అన్నమయ్య పాట అని వింటున్న వాటిలో చాలా భాగం మాట పదిహేనవ శతాబ్దిది, వరస ఇరవయ్యవ శతాబ్దిది. దీనిని తప్పుపట్టడం లేదు. ఆ పెద్దలు పూనుకోకపోతే అవి పద్యాలవలె చదువుకొనే వస్తువులుగా ఉండిపోయేవి.

శర్మగారు 1979 మార్చి 11న పోయారు. సరిగ్గా మూడు రోజుల ముందు, మార్చి 8న, హాలెండులోని ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీవారు పత్రికలవాళ్లను పిలిచి, అరచేతిలో ఇమిడే మెరిసే బిళ్లను తిప్పి సంగీతం వినిపించారు. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినా తారీఖులు పక్కపక్కన కనబడినప్పుడు మనసు ఒక క్షణం ఆగుతుంది. మన దగ్గర అప్పటికి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు (1978) మొదలై ఏడాది కావస్తోంది. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల ఎల్పీ రికార్డులుగా రాబోతున్నది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు ఆ ప్రాజెక్టు తొలినాళ్లనుంచి పాడుతూ వందల కీర్తనలకు వరసలు కట్టారు. 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు. ఆయన గొంతు మొదట క్యాసెట్లలో, తరువాత సీడీలలో కొండకు వచ్చిన ప్రతివాడి సంచిలోనూ లడ్డూ పక్కన చేరింది.

సోనీవారు తొలి సీడీ ప్లేయరును 1982 అక్టోబరు 1న జపానులో అమ్మకానికి పెట్టారు. వెల లక్షా అరవైఎనిమిది వేల యెన్లు. తిరుపతి, చిత్తూరు అంగళ్లలోకి ఈ సరకు నిజంగా దిగడానికి మరి పదిహేనేళ్లు పట్టింది. అదికూడా 1997లో అన్నమయ్య సినిమా వచ్చిన రోజులలో క్యాసెట్టే రాజు.

సరే, మరమ్మతు. మూత విప్పి కూర్చున్నాను. పళ్లెం రాకపోవడానికి కారణం రబ్బరు బెల్టు. పాతికేళ్లకు సాగి, నున్నబడి జారుతోంది. వేడినీళ్లలో వేసి తీస్తే రెండు నాళ్లు పనిచేస్తుందంటారు. అది పుత్తూరు కట్టు అంత నమ్మకమైన వైద్యం కాదు. కొత్తది వేశాను.

తరువాత అసలు రోగం. ఈ బిళ్ల మీద గాడి లోపలి అంచున మొదలై బయటికి చుట్టుకుంటూ పోతుంది, ఎల్పీకి తారుమారుగా. విప్పితే అయిదు కిలోమీటర్లకు పైనే. చుట్టుకూ చుట్టుకూ నడుమ దూరం 1.6 మైక్రాన్లు. కంటికి దాదాపు కనబడని 780 నానోమీటర్ల లేజరు కిరణం దాని మీద పడి తిరిగివస్తుంది. గుంట అంచు వచ్చినప్పుడల్లా వెలుగు మారుతుంది. ఆ మార్పే ఒకటి, లేకపోవడమే సున్న. గుంట లోతును ప్లాస్టిక్కులోని కిరణపు తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగోవంతుగా పెట్టారు, గుంటనుంచి వచ్చిన వెలుగూ మెట్టనుంచి వచ్చిన వెలుగూ ఒకదానినొకటి మింగేటట్టు. రాగిరేకు చెక్కిన కంసాలికి ఈ లెక్క చెబితే నవ్వి ఉండేవాడు, లేదా వెంటనే గ్రహించి ఉండేవాడు.

యంత్రానికి కరెంటు ఇచ్చి, బిళ్ల లేకుండా పక్కనుంచి గమనిస్తే (సూటిగా ఎన్నడూ చూడరాదు, కంటికి ముప్పు) లెన్సు రెండు మూడుమార్లు పైకీ కిందికీ ఆడింది. అది బిళ్ల ఎంత ఎత్తున ఉందో తడుముకోవడం. ఆ కదలిక ఉందంటే లెన్సును నడిపే తీగచుట్టలు బతికి ఉన్నట్టే. ఏటవాలుగా చూస్తే కుంకుమచుక్కంత ఎరుపు కనబడింది, లేజరు వెలుగుతోంది. ఇక లెన్సు మీద పాతికేళ్ల ఊదువత్తి పొగ. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో మెల్లగా తుడిచాను. థిన్నరు వాడేవాళ్లున్నారు, ఆ ప్లాస్టిక్ లెన్సు అక్కడికక్కడే మసకబారిపోతుంది.

బిళ్ల చదివింది! మేనత్త గొంతు! మూడు పాటలు సాఫీగా వెళ్లి, నాలుగోదానిలో తడబడి, ఐదులో ఆగిపోయింది.

ఇక్కడే చాలామంది మెకానిక్కులు చిన్న స్క్రూడ్రైవరు తీసి లేజరు పక్కనున్న బుల్లి మరను కొంచెం తిప్పుతారు. కరెంటు పెరుగుతుంది, కిరణం బలపడుతుంది, గిరాకీ సంతోషంగా పోతాడు. ఆ డయోడు ఆయుష్షు మాత్రం తరిగిపోతుంది. మా యంత్రానికి ఆ మర్యాద ఎప్పుడో జరిగే ఉంది. మర మీది కంపెనీ రంగుముద్ర చెదిరింది. నేను ముట్టుకోలేదు. కారణమిది: లేజరు నీరసించి ఉంటే చాలావరకు మొదట్లోనే, లోపలి అంచున ఉండే పాటల పట్టికనే చదవలేక చేతులెత్తేస్తుంది. మొదలు బాగా నడిచి చివర చెడితే ముందుగా చూడవలసినది లేజరును బయటికి మోసుకుపోయే బండిని. చూస్తే దాని ఇనుప కడ్డీ మీద గ్రీజు బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. తుడిచి, తెల్ల గ్రీజు పలుచగా రాశాను.

మళ్లీ పెట్టాను. ఈసారి తొమ్మిది పాటలు. పదోది, జోలపాట, సగంలో ఆగింది.

ఇప్పుడు ముద్దాయిలు ఇద్దరు: యంత్రం, బిళ్ల. అంగట్లో కొన్న అచ్చుబిళ్లలో అరవై నిమిషాలు దాటినదాన్ని వెతికి పెట్టాను; పొట్టిబిళ్ల అయితే ఆ అంచుదాకా పోదు, పరీక్షకు కొరగాదు. అది చివరిదాకా చెక్కుచెదరకుండా పాడింది. యంత్రం నిర్దోషి.

ఇంట్లో రాసుకొనే బిళ్లకు గుంటలు ఉండవు. సేంద్రియ రంగు పూసిన పొరను లేజరుతో కాల్చి మచ్చలు పెడతారు. ఎండ తగిలినా, వేడి తగిలినా ఆ రంగు వెలుస్తుంది. క్షయం తరచు బయటి అంచున మొదలవుతుంది. ఇరవైకి పైగా తిరుపతి వేసవులు బీరువా పైయరలో గడిపిన బిళ్ల అది. పైగా నేనే ఆ రోజుల ఉత్సాహంలో దాని మీద కాగితం అంటించాను. అద్దంలా మెరిసే పొర ఉన్నది అటువైపే, సన్నని లక్క కింద. గీత పడినా, జిగురు పీల్చినా వైద్యం లేదు. కిందివైపు గీతలకు యంత్రం ఓర్చుకుంటుంది. గాడి పొడవునా రెండున్నర మిల్లీమీటర్ల మేర అక్షరాలు పోయినా లెక్కగట్టి పూరించే ఏర్పాటు బిళ్లలోనే ఉంది. దానికి మించితే పక్కవాటిని చూసి ఊహిస్తుంది. దానికీ మించితే మౌనం.

కంప్యూటరు డ్రైవులు మూడింటిలో, మిక్కిలి మెల్లని వేగంతో, ఒక్కొక్క ముక్కనూ పదేసిసార్లు చదివించాను. ఒకటి చదవలేనిది మరొకటి చదివింది. రెండు రాత్రులు పట్టింది. తొమ్మిది పాటలు నిండుగా దక్కాయి. జోలపాట నాలుగు నిమిషాల పైచిలుకులో రెండు నిమిషాల నలభై సెకండ్లు శుభ్రంగా ఉంది. ఆపైన గరగర, నడుమ నడుమ ఒక్కొక్క అక్షరం.

ఆ వరస తాళ్లపాకవారిదని నేననను. మా మేనత్త అవ్వ తాను కట్టిందో, ఊరి భజన గుంపునుంచి పట్టిందో. ఏమైనా రేకులో లేనిది అది, ఏ ప్రాజెక్టూ పట్టనిది. పల్లవీ, రెండు చరణాలూ వచ్చాయి కనుక మిగతా చరణాలను అదే వరసలో పాడుకోవచ్చునని మా చెల్లెలు అంటుంది. కాని మేనత్త చివరి చరణంలో ఒకచోట పైకి వెళ్లి, కొంచెం ఆగి దిగేది. అది ఎక్కడో ఇద్దరికీ గుర్తుంది, ఎలాగో ఇద్దరికీ చేతకావడం లేదు.

తొమ్మిదిన్నర పాటలనూ మూడుచోట్ల దాచాను. బిళ్ల కాగితం ఊడదీయలేదు. ఊడదీస్తే పొరకూడా వస్తుంది. మరొక పాత డ్రైవు దొరికితే ఇంకొక పది సెకండ్లు రావచ్చును. చిత్తూరులో ఎవరి అటకమీదనో ఒకటి ఉందని విన్నాను, ఈ ఆదివారం పోతున్నాను.