సమ్మతిలోని మతి

సమ్మతి అన్న మాటలో మతి ఉంది. మతి అంటే బుద్ధి, తలపు. ఇద్దరి తలపూ ఒకటైతే సమ్మతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను కోరేదీ అదే: ఒకే సంగతిని ఇద్దరూ ఒకే అర్థంలో ఒప్పుకోవాలి.

సంతకానికి మనవాళ్లు వాడిన పాత మాటల్లో కనిపించేది చెయ్యి. చేవ్రాలు చేతి రాత. దస్కత్తూ అంతే, ఢిల్లీలో ఈనాటికీ దస్తఖత్ అంటారు, పారసీలో దస్త్ చెయ్యి, ఖత్ రాత. వేలిముద్ర సరేసరి. చెయ్యి కదిలిందని ఇవి సాక్ష్యం చెబుతాయి. మనసు సంగతి వేరే విచారించాలి.

ఆ విచారణకు చట్టం ఐదు గుర్తులు పెట్టింది: బలాత్కారం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు మాట, పొరపాటు. మొదటి నాలుగింట్లో దెబ్బతిన్నవాడు కోరితే ఒప్పందం రద్దవుతుంది. కీలకమైన విషయంలో ఇద్దరూ పొరబడితే అసలే చెల్లదు.

గురుగ్రామ్ సెక్టార్ 62లో ఒక ఫ్లాటుకు 2012లో రాసుకున్న ఒప్పందం ఈ ఐదింటిలో దేనిలోనూ తేలిగ్గా ఇమడదు. కాగితం బిల్డరు తయారుచేసింది. కొన్నవాడు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ. ఇల్లు ఆలస్యమైతే మాత్రం గడువు, దానిపై అదనపు గడువు దాటాక 12 నెలలు ఆగి, 90 రోజుల నోటీసిచ్చి, మరో 90 రోజులు చూడాలి. అప్పటికీ కట్టిన సొమ్ము తిరిగి రాకపోతేనే 9 శాతం. ఎవరూ బెదిరించలేదు, షరతులన్నీ కాగితం మీదే ఉన్నాయి. అయినా వేరే దారి లేక సంతకం పెట్టినవాణ్ని ఇలాంటి ఏకపక్ష షరతులు కట్టిపడేయలేవని 2019 ఏప్రిల్ 2న పయొనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టులో జస్టిస్ లలిత్, జస్టిస్ ఇందూ మల్హోత్రాల ధర్మాసనం తేల్చింది.

కోట్లు పెట్టి ఇల్లు కొనేవాడికే దారి లేకపోతే కూలికొచ్చినవాడి మాటేమిటి? దీనికి ఢిల్లీలో ముందే సుప్రీంకోర్టు తీర్పొకటి జవాబిచ్చింది. ఆ తీర్పంటే నాకు ఎనలేని గౌరవం. 1982 ఏషియాడ్ కట్టడాల్లో కనీస వేతనం కన్నా తక్కువకు కూలీలు పనిచేశారు. కొరడా పట్టి ఎవరూ నిలబడలేదు. ఆకలీ పేదరికమూ మనిషిని బలవంతపెడతాయనీ, అలా కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకున్నది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేననీ ఆ సెప్టెంబరులో జస్టిస్ భగవతి రాశారు. ఇంగ్లీషు రాజ్యాంగంలోనూ ఆ అధికరణంలో బేగార్ అన్న మాటనే ఉంచారు. మనకది వెట్టి. దొర కబురంపితే 'నీ బాంచన్' అంటూ వెళ్లినవాడి మాటను తెలంగాణ పల్లెల్లో ఎవరూ సమ్మతి అనలేదు.