లాండ్రీ వెనక గదిలో తూటాలు

1943. రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతోంది. అమెరికాలో దొరికిన రాగి, ఇత్తడి, సీసం చాలావరకు సైన్యానికే పోతోంది. కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అనే చిన్న ఊళ్ళో ఫ్రెడ్ హంటింగ్టన్ తండ్రిగారి లాండ్రీలో పనిచేసేవాడు. ఆదివారం వస్తే రైఫిల్ పట్టుకుని రాళ్ళగుట్టల వెంట తిరగడం అతని సరదా. అక్కడ రాక్‌చక్ అనే, ఉడుత కుటుంబానికి చెందిన బొద్దు జంతువు ఉంటుంది. చాలా దూరం నుంచి గురిచూసి దాన్ని కొట్టాలి. గురి ఉంది, రైఫిల్ ఉంది, గుండ్లే లేవు. అయితే .22 తూటాల ఖాళీ గుల్లలకు మాత్రం కరువు లేదు. జాతరల్లో బొమ్మల్ని కొట్టడానికి వాడే ఆ చిన్న తూటాల గుల్లలు ఎక్కడపడితే అక్కడ పడి ఉండేవి. హంటింగ్టన్ వాటిని ఉక్కు అచ్చులో పెట్టి నొక్కి, లోపల సీసం నింపి, రైఫిల్ గుండుగా మలిచే సాధనమొకటి తయారుచేశాడు. లాండ్రీ వెనక గదే అతని కర్మాగారం. సాధనానికి ‘రాక్ చక్ బుల్లెట్ స్వేజ్’ అని పేరు పెట్టాడు. ఆ మాటల మొదటి అక్షరాలే తరవాత ఆర్‌సీబీఎస్ అనే కంపెనీ పేరయ్యాయి. ఇంట్లో తూటాలు నింపుకునే అమెరికన్లలో ఆ పేరు తెలియనివారు అరుదు.

ఆ దేశంలో ఇదొక పెద్ద కాలక్షేపం. గ్యారేజీలోనో నేలమాళిగలోనో ఒక బెంచీ, దానికి బిగించిన ప్రెస్సు, పక్కన చిన్న త్రాసు ఉంటాయి. తూటా పేలినప్పుడు ఖర్చయ్యేవి మూడే: మందు, గుండు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్. నాలుగోదైన ఇత్తడి గుల్ల చెక్కుచెదరకుండా బయటపడుతుంది. తూటా ధరలో పెద్ద వాటా దానిదే. దాన్ని పారేయడానికి మనసొప్పనివాళ్ళు నూటయాభై ఏళ్ళుగా చేస్తూ వచ్చిన పనికి రీలోడింగ్ అని పేరు.

గుల్ల మళ్ళీ పనికొస్తుందా రాదా అన్నది అడుగున ఉండే ఒక చిన్న చిల్లు మీద ఆధారపడి ఉంది. ఇందులో ఒక తమాషా ఉంది. 1866లో ఇద్దరు సైనికాధికారులు రెండు రకాల ప్రైమర్లు కనిపెట్టారు. ఒకాయన అమెరికా అంతర్యుద్ధంలో గురికాండ్ర దళాన్ని నడిపిన హైరమ్ బెర్డన్. రెండో ఆయన ఇంగ్లండులో ఊలిచ్ ఆయుధశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్. బాక్సర్ పద్ధతిలో గుల్ల అడుగున సరిగ్గా మధ్యలో ఒకే చిల్లు ఉంటుంది. పైనుంచి సన్నని పుల్లలాంటి ఉక్కుముక్క దింపితే కాలిన ప్రైమర్ టప్పున ఊడిపడుతుంది. బెర్డన్ పద్ధతిలో చిల్లులు రెండు, అవీ పక్కలకు ఉంటాయి. మధ్యలో దిమ్మ అడ్డం. దాన్ని ఊడబెరకడం తలనొప్పి. విచిత్రమేమిటంటే ఆంగ్లేయుడి పద్ధతిని అమెరికా పట్టుకుంది, అమెరికన్ పద్ధతిని యూరప్ సైన్యాలు పట్టుకున్నాయి. ఇంగ్లండు సైతం తన .303 సైనిక తూటాలకు ఎక్కువగా బెర్డన్ ప్రైమరే వాడింది. అమెరికాలో ఈ సరదా అంతగా పాతుకుపోవడానికి చట్టాలు, తుపాకుల మోజు అని పెద్ద కారణాలు చెబుతారు. నా మటుకు ఆ మధ్య చిల్లుకే ముందు దండం పెడతాను.

ఈ సరదా పుట్టుక మాత్రం అంత ముచ్చటైనది కాదు. 1872లో కాన్సస్‌లోని డాడ్జ్ సిటీకి రైలు వచ్చింది. బైసన్ అనే అడవిదున్నల చర్మాలు రైలెక్కడం మొదలైంది. వేటగాళ్ళు ఊళ్ళో మందు పీపాలు, సీసం దిమ్మలు బండికెత్తుకుని మైదానాల్లోకి పోయేవారు. పగలంతా షార్ప్స్ రైఫిళ్ళతో కాల్చేవారు. రాత్రి మంట దగ్గర సీసం కరిగించి గుండ్లు పోసుకునేవారు, ఏరుకున్న గుల్లల్లో మందు నింపుకునేవారు. కొత్త తూటాలు కొనాలంటే గిట్టుబాటు కాదు, అయిపోతే తెచ్చుకోవడానికి దుకాణం దరిదాపుల్లో ఉండదు. 1889లో విలియం హార్నడే లెక్కతీసేనాటికి కోట్లలో ఉన్న బైసన్ వెయ్యి చిల్లరకు దిగిపోయింది. చేతి పనితనాన్ని మెచ్చుకునే వ్యాసంలో ఈ లెక్క ఇబ్బందిగానే ఉంటుంది. అలాగని దాటవేయలేం.

అమెరికా తుపాకి మందులో అప్పట్లో మన దేశం పాలు కూడా ఉండేది. పాత బ్లాక్ పౌడర్ అంటే బొగ్గు, గంధకం, సురేకారం. ప్రపంచంలో మేలైన సురేకారం బీహార్ నుంచి వెళ్ళేది. అక్కడి నునియా కులంవాళ్ళు పాత గోడల మట్టిని, పశువుల పాకల మట్టిని నానబెట్టి, వడగట్టి, కాచి తీసేవారు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది ప్రభుత్వం తరఫున మందు తయారీదారు లామోట్ డ్యూపాంట్ లండన్ వెళ్ళి గుట్టుగా కొన్నది ఆ భారత సురేకారమే. అప్పుడే రెండు దేశాల మధ్య గొడవ రేగడంతో బ్రిటన్ ఎగుమతి ఆపేసింది. గొడవ సద్దుమణిగాక మరుసటి ఏడాదిగానీ సరుకు కదల్లేదు.

వేటకు ఆవల, పోటీ మైదానాల్లో కథ వేరే దారి పట్టింది. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్‌లో అమెరికా, ఐర్లాండ్ జట్లు 800, 900, 1,000 గజాల దూరంలో తలపడ్డాయి. అమెరికా 934, ఐర్లాండ్ 931. ఐర్లాండ్ జట్టులో మిల్నర్ అనే ఆయన గుండు నడిమధ్యలో తగిలింది గానీ, అది పక్కవాళ్ళ పలక. సున్నా వేశారు. లెక్కలోకి వచ్చి ఉంటే 4 పాయింట్లు, చరిత్ర తిరగబడేది. మూడు పాయింట్లతో పోటీ తేలే చోట ఒక తూటాకూ మరో తూటాకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా కుదరదు. తన తూటా తానే నింపుకోవాలన్న పట్టుదల అక్కడ పెరిగింది. జర్మన్ వలసవాసుల షూట్‌జెన్ క్లబ్బుల్లో ఇది పరాకాష్ఠకు చేరింది. రోజంతా సాగే పోటీకి కొందరు తెచ్చుకునేది ఒకే ఒక్క గుల్ల. కాల్చడం, బల్ల దగ్గరే నింపడం, మళ్ళీ కాల్చడం. అదే గుల్ల, అదే తుపాకి కాబట్టి తేడా రాదని నమ్మకం.

1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి, పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర ఆకారంలో ఉండే ఒక చేతి సాధనాన్ని అమ్మాడు. జేబులో పట్టేది. దానితో పాటు ఆయన అచ్చువేసిన ఐడియల్ హ్యాండ్‌బుక్ సగం ధరల పట్టిక, సగం పాఠం. అంతవరకూ నోటిమాటగా ఉన్న విద్య కాగితమెక్కింది.

ఈ వరుసలో నాకు బాగా నచ్చే మనిషి ఫ్రాంక్లిన్ మాన్. మాసచూసెట్స్‌లోని మిల్‌ఫర్డ్ వాసి, చదువు వైద్యం. డబ్బు వచ్చింది మాత్రం కోళ్ళ మేతకు పచ్చి ఎముకలు తురిమే యంత్రం వల్ల. ఆ డబ్బంతా ఒకే ప్రశ్నకు ధారపోశాడు: ఒకే తుపాకి, ఒకే మందు, ఒకే రకం గుండు అయినా అన్ని గుండ్లూ ఒకేచోట ఎందుకు తగలవు? ఇంటి దగ్గరే రేంజ్ కట్టుకున్నాడు. మనిషి చెయ్యి వణికిందన్న అనుమానం రాకుండా తుపాకి గొట్టాన్ని కాంక్రీటు దిమ్మకు బిగించాడు. గుండు దారిలో వరసగా కాగితపు తెరలు నిలబెట్టి, ఎక్కడ ఎంత వంగిందో ఆ చిల్లుల్లో చదివాడు. దశాబ్దాల శ్రమ తరవాత 1909లో పుస్తకం వేశాడు. అందులో తేలినదాని కంటే తేలనిదే ఎక్కువ. అయినా అనుమానాన్ని అంత ఓపికగా, అన్ని పేజీల నిండా రాసుకున్నవాళ్ళు తక్కువ.

అప్పటికే నేల కదిలింది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగరాని మందు కనిపెట్టాడు. పదేళ్ళలో అది అమెరికా బెంచీల మీదికి వచ్చింది. పాత మందుతో లెక్క సులువు, గుల్ల నిండా పోసేయడమే. ఆ అలవాటుతోనే కొత్త మందునూ నిండా పోసినవాళ్ళ తుపాకులు పగిలిపోయాయి. అక్కడినుంచే కొలతగిన్నె పోయి త్రాసు వచ్చింది. ఇంకో చిక్కు ప్రైమర్‌ది. అందులోని పాదరసాన్ని పాత మందు మసి తనతో ఈడ్చుకుపోయేది. మసి లేని కొత్త మందు ఆ పాదరసాన్ని ఇత్తడికే వదిలేసింది. గుల్లలు పెళుసెక్కి పగిలేవి. పాదరసం తీసేసి క్లోరేట్ పెడితే తుపాకి గొట్టాలు తుప్పుపట్టాయి. ఆ తుప్పు ఎందుకో 1922లో తేలింది. గనుల శాఖ రసాయనవేత్త విల్బర్ట్ హఫ్, ప్రైమర్ కాలాక గొట్టంలో మిగిలేది ఉప్పేనని, అది గాలిలో తేమను పీల్చుకుంటోందని చూపించాడు. ఖరీదైన నూనెలన్నీ పక్కకు పోయి వేడినీళ్ళతో కడగడమే మందయింది. ఉప్పు కరిగేది నీళ్ళలోనే కదా.

ఆ రోజుల్లో ఇలాంటి సంగతులు ఊరూరా చేరింది ఉత్తరాల మీద. 1920లలో ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో టౌన్‌సెండ్ వీలన్ నడిపిన ప్రశ్నల శీర్షికకు పల్లెల నుంచి రైతులూ రాసేవారు, మెకానిక్కులూ రాసేవారు. ఉన్న గుల్ల మెడను నొక్కి చిన్నదిగానో, భుజాన్ని జరిపి పెద్దదిగానో చేసి, ఏ కంపెనీ అమ్మని కొత్త తూటాను పుట్టించడం ఈ బెంచీల ప్రత్యేక విద్య. వాటికి ‘వైల్డ్‌క్యాట్’ అని పేరు. .22-250 అలా పుట్టి, ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా ఇళ్ళలోనే పెరిగి, 1965లో రెమింగ్టన్ కంపెనీ పట్టికలోకి ఎక్కింది. .22 హార్నెట్ సంగతి ఇంకా వింత: 1930లో వించెస్టర్ తూటా అమ్మడం మొదలుపెట్టేనాటికి దానికి తగిన రైఫిల్ ఏ ఫ్యాక్టరీ చేయడం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రభుత్వం దగ్గర మందు గుట్టలుగా మిగిలిపోయింది. కాన్సస్‌లో గ్యాస్ కంపెనీ ఉద్యోగి బ్రూస్ హాడ్జ్‌డన్ జీవిత బీమా పాలసీ మీద అప్పు తెచ్చి 50,000 పౌండ్లు, అంటే దాదాపు 23 టన్నుల మందు కొన్నాడు. దాచడానికి చోటు లేదు. ఒక పాత గూడ్సు పెట్టెను తెచ్చి, అద్దెకు తీసుకున్న పచ్చికబీడులో దింపి, అదే గోదాము అన్నాడు. పత్రికలో ఒక్క అంగుళం ప్రకటన. 150 పౌండ్ల పీపా 30 డాలర్లు, రవాణా ఖర్చు అదనం. కొడుకులు బడికి పోతూ కారు డిక్కీలో పార్సిళ్ళు రైల్వే స్టేషన్‌కు చేరవేసేవారు. ఇప్పుడైతే ఆ కుటుంబం మీద ఎన్ని కేసులు పడేవో! నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ, విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ కూడా ఇలా చిన్నగా మొదలైనవాళ్ళే. 1958లో లీ తన ఇంటి వర్క్‌షాపులో చేసిన సాధనానికి బెంచీ కూడా అక్కర్లేదు. కొన్ని ముక్కలు, ఒక చెక్కసుత్తి, వంటగది బల్ల చాలు. కార్ఖానాలు ఇష్టపడని పనిని పట్టుకున్నవాళ్ళు చివరికి తామే కార్ఖానాలయ్యారు. ఆ కార్ఖానాల్లో కొన్నిటిని పెద్ద కంపెనీలు మింగాయి. 2024లో మాత్రం ఒకటి వెనక్కి వచ్చింది. ఆర్‌సీబీఎస్‌ను దాని కార్పొరేట్ యజమాని నుంచి కొనడానికి ఒప్పందం చేసుకున్నది హాడ్జ్‌డన్ కంపెనీయే.

బెంచీ దగ్గర జరిగేది చూస్తే ఏకాగ్రతే ఎక్కువ, హడావిడి తక్కువ. రేంజ్‌లో వంగి వంగి ఏరుకొచ్చిన గుల్లల్ని తోమి, వరసగా చెక్కపలక గుంటల్లో నిలబెడతారు. వేలికొసతో ఇంత మైనపు జిడ్డు రాసి డై అనే ఉక్కు అచ్చులోకి తోస్తే, పేలినప్పుడు ఉబ్బిన గుల్ల మళ్ళీ కొలతకు వస్తుంది. మెడ దగ్గర జుట్టంత బీట కనిపించినా అది చెత్తబుట్టకే. మందు పోశాక మూత పడకముందే టార్చి వేసి వరసంతా ఒకసారి చూస్తారు. అన్నిటిలో మట్టం ఒకటేనా? రెండుసార్లు పోసిన గుల్ల ఒక్కటి దాటిపోయినా వేళ్ళు, కళ్ళు పోతాయి. అందుకే అక్కడ ఫోను, టీవీ, ముచ్చట్లు నిషేధం. సీసం పోసేవాళ్ళది మరో లోకం. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి. మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా కుండంతా ముఖం మీదికి లేస్తుంది. టైర్ల దుకాణాల్లో చక్రాలకు తగిలించి తీసేసిన సీసం ముక్కలే వీళ్ళకు ఏళ్ళ తరబడి ముడిసరుకు. ఇప్పుడు వాటిలో జింకు, ఇనుము కలుస్తున్నాయని ఒకటే గొణుగుడు.

డబ్బు ఆదా కోసమే ఇదంతా అని భార్యలకు చెప్పుకుంటారు. తూటా సగం ధరకే వస్తుంది, నిజమే. రెట్టింపు కాలుస్తారు, అదీ నిజమే. మన దగ్గర మాత్రం ఈ సరదాకు తావు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం. అక్కడ సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి.

వాళ్ళకూ కొత్త హద్దులు వస్తున్నాయి. సీసపు ముక్కలు మిగిలిన కళేబరాలు తిని కాండర్ రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. నిషేధం సబబే అనిపిస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి రాగి గుండ్లు ఉన్నాయి, కాస్త ఖరీదు. ప్రైమర్‌కు మాత్రం అలాంటి దారి లేదు. గుండు ఇంట్లో పోసుకోవచ్చు, గుల్ల మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. ప్రైమర్ మాత్రం కొనాల్సిందే, దేశం మొత్తానికి దాన్ని చేసే పెద్ద కార్ఖానాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2020లో కరోనాతో పాటు తుపాకుల కొనుగోళ్ళు పెరిగినప్పుడు ఆ కార్ఖానాలు ప్రైమర్లను ముందు తమ సొంత తూటాలకే వాడుకున్నాయి. ఏళ్ళ తరబడి మందు, గుండ్లు పేర్చుకున్న పాతకాపులు కూడా ప్రైమర్ల పెట్టె కోసం దుకాణం తెరవకముందే వచ్చి వరసలో నిలబడ్డారు.