పట్టాల అతుకు, మాటల అతుకు

బ్రెజిలులో సాంతోస్ రేవునుండి జుందియాయివరకు 1867లో రైలుమార్గము తెరచినది లండను కంపెనీ. ఇనుముతోపాటు ఇంగ్లీషు పేర్లును ఓడ దిగినవి.

రెండు పట్టాల కొనలను కలిపి బోల్టులతో బిగించు పలక ‘ఫిష్‌ప్లేటు’. నిఘంటువును నమ్మి దీనిని చేపపలక యన్నచో నవ్వే మిగులును. ఈ ‘ఫిష్’ నావికుల మాట. బీటవారిన తెరచాపకొయ్యకు ఆనించి కట్టెడి బద్ద. పోర్చుగీసులో ఆ పలక ‘తాల’. విరిగిన ఎముకకు కట్టు బద్దయు తాలయే! ఇంతకన్న సరియైన అనువాదము దొరకదు.

పట్టాల క్రింది ‘స్లీపరు’ బ్రెజిలులో ‘దోర్మెంతె’, అనగా నిద్రించునది. మక్కికి మక్కి యని తోచును గాని, ఓడలలో దూలముల నానించు కొయ్యకును పోర్చుగీసు వడ్రంగుల వాడుకలో అదే పేరు. పోర్చుగలులో మాత్రము స్లీపరు ‘త్రవెస్సా’, అడ్డకొయ్య. లిస్బను నిఘంటువుతో బ్రెజిలు మార్గమును వర్ణింపబోవు అనువాదకుడు ఇచ్చటనే తడబడును.