రోడ్డు మధ్యలో పిక్నిక్ పెట్టుకున్న ఊరు

ఇవాళ ఒక పిక్నిక్ గురించి మాట్లాడుకుందాం. పులిహోర, పెరుగన్నం డబ్బాలు కట్టుకుని కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్తాం కదా, ఇంచుమించు అలాంటిదే. కాకపోతే ఇది జరిగింది ఉసిరిచెట్టు కింద కాదు. అటొక రోడ్డు, ఇటొక రోడ్డు, రెండింటి మీదా కార్లు దూసుకుపోతుంటే మధ్యలో మిగిలిన గడ్డి మీద. 1969 ఆగస్టులో, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరంలో.

ఈ కథ నాకెలా దొరికిందంటే, మా అక్కావాళ్ళు పోర్ట్‌లాండ్ పక్కనే హిల్స్‌బరోలో ఉంటారు. ఇంటెల్ పెద్ద క్యాంపస్‌లు అక్కడే ఉండటంతో ఆ చుట్టుపక్కల మనవాళ్ళు బాగానే కనిపిస్తారు. ఒక ఆదివారం మా బావ, "ఇంట్లో కూర్చుని ఫోన్ చూసే బదులు రైలెక్కి నది దగ్గర దిగు. సైకిల్ అద్దెకు తీసుకో. ఒక వంతెన మీద అటు వెళ్ళి, ఇంకో వంతెన మీద ఇటు రా" అన్నాడు. వెళ్ళాను. నది ఒడ్డునే పొడుగ్గా పచ్చిక, దాని అంచున నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ దారి. ఆ రోజు ఏదో పండగలా ఉంది. ఒకచోట బ్యాండు వాయిస్తున్నారు, ఇంకోచోట ముసలివాళ్ళు కుర్చీలేసుకుని కబుర్లు, ఫౌంటెన్ కింద పిల్లలు బట్టలతోనే తడిసిపోతున్నారు. సాయంత్రం బావకి ఫోన్ చేసి చెప్తే, "నువ్వు సైకిల్ తొక్కిన చోట ఒకప్పుడు హైవే ఉండేది తెలుసా" అన్నాడు. నమ్మలేదు. తర్వాత కూర్చుని చదివాను.

ఆ నది పేరు విల్లామెట్. ఊరు పుట్టిందే దాని ఒడ్డున. ఓడలు, కలప, గోధుమలు, రేవులు. వరదలు వస్తుంటే 1920లలో పడమటి ఒడ్డున పెద్ద గోడ కట్టారు. 1940ల మొదట్లో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఆ గోడ పక్కనే హార్బర్ డ్రైవ్ అనే పెద్ద రోడ్డు వేశారు. దాంతో ఊరికీ నదికీ మధ్య కార్ల ప్రవాహం అడ్డొచ్చేసింది.

మరి జనం అప్పుడే ఎందుకు గొడవ చేయలేదు? నాకూ ఇదే డౌటు వచ్చింది. కారణం చాలా సింపుల్: అప్పటికి ఆ నది దగ్గరికి వెళ్ళాలని ఎవరికీ అనిపించేది కాదు. ఊరి మురుగు, కాగితపు గుజ్జు మిల్లుల వ్యర్థాలు అన్నీ అందులోకే. 1962లో టామ్ మెకాల్ అనే టీవీ జర్నలిస్టు ఈ కాలుష్యం మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఆరెగాన్ అంటే అందాల రాష్ట్రం అనుకునేవాళ్ళకి అది చెంపదెబ్బ. గమ్మత్తేంటంటే, ఆ జర్నలిస్టే 1967లో రాష్ట్ర గవర్నర్ అయ్యాడు.

ఇక అసలు గొడవ. రోడ్డు పక్కన ఒక భారీ బిల్డింగ్ ఉండేది. 1933లో కూరగాయల మార్కెట్‌గా మొదలై, అది నడవక, తర్వాత ఒక దినపత్రిక ఆఫీసు అయింది. 1960ల చివర్లో దాన్ని కూల్చేసి, ఆ ఖాళీలోకి హార్బర్ డ్రైవ్‌ని ఇంకా వెడల్పు చేద్దామని హైవే శాఖ ప్లాన్ వేసింది. అప్పట్లో అదే ప్రగతి. కార్లు పెరిగాయి, రోడ్డు పెంచుదాం, అంతే లెక్క. తప్పు పట్టను, మన ఊళ్ళలో ఇప్పటికీ అదే లెక్క నడుస్తోంది.

కొంతమంది పౌరులకి ఇది నచ్చలేదు. 'రివర్‌ఫ్రంట్ ఫర్ పీపుల్' అని ఒక సంఘం పెట్టుకున్నారు. ధర్నా చేయొచ్చు, వినతిపత్రాలు ఇవ్వొచ్చు. వాళ్ళు మాత్రం ఇంకో దారి పట్టారు: అందరూ పిల్లాపాపలతో వచ్చి, హార్బర్ డ్రైవ్‌కీ పక్కనున్న ఫ్రంట్ అవెన్యూకీ మధ్య ఉన్న గడ్డి మీద కూర్చుని భోంచేద్దాం అన్నారు. వందల మంది వచ్చారు. ఒక్కసారి ఊహించుకోండి. దుప్పటి పరిచి శాండ్‌విచ్ తింటున్నారు, పది అడుగుల అవతల కార్ల హోరు. పిల్లాడు బంతి విసిరితే గుండె ఆగిపోతుంది. నది ఆ పక్కనే ఉంది, కానీ వెళ్ళాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటాలి. ఉపన్యాసం అక్కర్లేదు, ఆ చోట పది నిమిషాలు కూర్చుంటే విషయం మొత్తం అర్థమైపోతుంది. అదే ఆ పిక్నిక్ చేసిన పని.

ఆ రోడ్డు మీద రోజుకి సుమారు 25,000 వాహనాలు తిరిగేవి. "మూసేస్తే ఊరు స్తంభించిపోతుంది" అన్నారు ఇంజినీర్లు. గవర్నర్ మెకాల్ ఒక కమిటీ వేశాడు. బహిరంగ విచారణలో జనం గట్టిగా నిలబడటంతో, ఎలా వెడల్పు చేయాలి అన్న ప్రశ్న కాస్తా అసలు రోడ్డు అవసరమా అన్నదాకా వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పిక్నిక్ ఒక్కదానివల్లే హైవే పోయింది అని చెప్తే కథ బాగుంటుంది, థంబ్‌నెయిల్‌కి కూడా బాగుంటుంది. కానీ 1973లో నది మీద ఫ్రీమాంట్ వంతెన తెరిచారు, దాంతో కొత్త హైవే పూర్తయింది, బండ్లకి వేరే దారి దొరికింది. అది లేకపోతే ఏమయ్యేదో! అయితే వేరే దారి వచ్చినంత మాత్రాన పాత రోడ్డు దానంతటదే పోదు కదా. పోవాలని అడిగినవాళ్ళు ఉండబట్టే పోయింది. 1974లో హార్బర్ డ్రైవ్‌ని మూసేశారు. ఊరు స్తంభించలేదు. 1978లో అక్కడ పార్కు తెరిచారు. మెకాల్ చనిపోయాక, 1984లో దానికి ఆయన పేరే పెట్టారు. అన్నట్టు, 1971లో ఇదే మెకాల్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. హైవే డబ్బులో కనీసం ఒక శాతం నడకదారులకీ సైకిల్ దారులకీ ఖర్చు చేయాలని. ఒక శాతమే! కానీ ఏటా, తప్పనిసరిగా.

తూర్పు ఒడ్డు కథ వేరు. అక్కడ 1960లలో నీళ్ళ అంచునే ఇంటర్‌స్టేట్ 5 హైవే కట్టేశారు, అది ఇప్పటికీ ఉంది. 2001లో ఆ వైపు కూడా దారి వేద్దామంటే కొంతమేర నేలే మిగల్లేదు. ఏం చేశారో తెలుసా? దారిని నీళ్ళ మీద తేలేలా కట్టారు, సుమారు 1,200 అడుగులు. సైకిల్ మీద వెళ్తుంటే కింద దారి పడవలాగా కొద్దిగా కదులుతుంది, నెత్తిన హైవే మోత. ఆ దారికి అప్పటి మేయర్ వెరా కాట్జ్ పేరు పెట్టారు. 1996 నుంచి ఏటా ఆగస్టులో జరిగిన బ్రిడ్జ్ పెడల్ పండగలో వేల మంది సైకిళ్ళతో వంతెనలన్నీ చుట్టారు. ఫ్రీమాంట్ వంతెన మీద కూడా కార్లు ఆపి సైకిళ్ళని వదిలారు. చిన్నపిల్లలు బుల్లి సైకిళ్ళ మీద హైవే ఎక్కారన్నమాట.

నది శుభ్రపడటానికి మాత్రం ఇంకా టైం పట్టింది. వాన పడితే మురుగు పొంగి నదిలో కలిసేది. ఇరవై ఏళ్ళు, 140 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి పెద్ద పెద్ద పైపులు వేశారు. 2011లో పని అయింది. ఆ వేసవిలోనే జనం ట్యూబులేసుకుని నదిలో తేలుతూ ఉత్సవం చేసుకున్నారు. చూపించడానికి, ఇదిగో దిగాం, ఏం కాలేదు అని.

పార్కు ఉత్తర చివర నేను ఎక్కువసేపు ఆగిన చోటు ఒకటుంది. వంద చెర్రీ చెట్లు, చెక్కిన రాళ్ళు. వసంతంలో పూలు పూస్తే ఫొటోలకి జనం విరగబడతారు. 1990లో కట్టిన ఆ చోటు జపనీస్ అమెరికన్ల స్మారకం. 1942లో ఆ ఊరి జపనీయుల్ని, అక్కడే పుట్టి పెరిగిన పౌరుల్ని కూడా, ఇళ్ళలోంచి తీసుకెళ్ళి పశువుల ప్రదర్శనశాలలో ఉంచారు. మూడున్నర వేలమందికి పైగా, పశువులు కట్టే కొట్టాల్లో. హార్బర్ డ్రైవ్ వచ్చిందీ ఆ రోజుల్లోనే. వాళ్ళ దుకాణాలున్న వీధులు ఈ ఒడ్డు నుంచి రెండు అడుగులు. తిరిగొచ్చినవాళ్ళలో చాలామందికి పాత ఇల్లూ లేదు, పాత కొట్టూ లేదు.

నేను వెళ్ళినప్పుడు పూలు లేవు, ఆకులే. ఒక పెద్దావిడ మనవడికి రాయి మీద అక్షరాలు వేలితో చూపిస్తూ చదివి వినిపిస్తోంది. వాడి చూపు మాత్రం నా సైకిల్ మీదే ఉంది. బెల్ కొట్టనిచ్చాను. అక్కడే ఆలస్యమై, సైకిల్ తిరిగిచ్చేసరికి గంట ఎక్కువైంది. ఆ గంటకి డబ్బులు కట్టించుకున్నారు.