ఎస్సెస్సెల్సీ పుస్తకాల నాటి చదువులు

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయినప్పుడు మా జి. కొండూరు మండలం కృష్ణా జిల్లాను వదిలి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఎన్.టి. రామారావు గారు పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది కదా, ఈ జిల్లాకు ఆయన పేరేమిటని అప్పట్లో రచ్చబండ దగ్గరా, టీ కొట్ల దగ్గరా చాలామంది అడిగారు. నా మటుకు దానికి జవాబు ఒకటే. ఆయన పుట్టింది అక్కడే అయినా చదువుకుంది ఇక్కడ. బెజవాడ మునిసిపల్ హైస్కూల్లో చదివారు, ఆ తర్వాత ఎస్సారార్ అండ్ సీవీఆర్ కాలేజీలో చేరారు. అంటే మన జిల్లా ఒక పాత విద్యార్థి పేరు పెట్టుకుంది. ఈ కోణంలో చూస్తే రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఈ ప్రాంతపు బడుల్లో చదివిన మగపిల్లల కథ మన ఊరి చరిత్రలో తప్పనిసరిగా ఉండాల్సిన అధ్యాయం. కొండపల్లి కోట గురించీ, మైలవరం జమీ గురించీ ఎంతో కొంత రాసుకున్నాం. హైస్కూలు గడప తొక్కిన మొదటి తరం గురించి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో మా మెట్ట ఊళ్ల పిల్లవాడికి పెద్ద చదువంటే ఊరు విడిచి వెళ్లడమే. దీనికి కారణం నీళ్లలో ఉంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. దాని కింద డెల్టా పల్లెలకు రెండు పంటలు, చేతిలో నాలుగు డబ్బులు, వాటి వెంట బడులు వచ్చాయి. కంకిపాడు, గుడివాడ, బందరు వైపు రైతు తన కొడుకుని చదివించే ధైర్యం చేశాడు. ఆనకట్టకు ఎగువన, గుట్టల నడుమ ఉన్న మాకు చెరువు, వాన, ఆ తర్వాత మామిడి. జమీ గ్రామాల రైతుకు శిస్తు పోగా మిగిలేది తక్కువ. తోట ఉన్న ఇల్లయితే వేసవి కాపు మీద వచ్చిన డబ్బే జూన్‌లో బడి తెరిచేసరికి జీతం కట్టడానికి పనికొచ్చేదని పెద్దవాళ్లు చెబుతుండేవారు. ఫీజును 'జీతం' అనేవారు అప్పట్లో. కొండపల్లిలో నిజాం రైలెక్కితే బెజవాడ. అక్కడి నుంచి బందరుకి ఇంకో రైలు. బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదివేవారు. వారంలో ఏడు రోజులకీ ఏడు ఇళ్లు కుదుర్చుకుని రోజుకొక ఇంట్లో భోంచేయడం. తక్కినవాళ్లు బంధువుల ఇళ్లలోనో, నలుగురు కలిసి తీసుకున్న గదిలోనో బియ్యం మూట పెట్టుకుని వండుకునేవారు.

అప్పట్లో మా జిల్లా కేంద్రం బందరు. అప్పటి చదువులకూ అదే కేంద్రం. 1843లో రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు పాదరీ పెట్టిన నోబుల్ బడి, అది ఎదిగిన కాలేజీ అక్కడే ఉన్నాయి. హిందూ హైస్కూలు అక్కడే. వీటన్నిటికీ భిన్నంగా నిలిచిన ఆంధ్ర జాతీయ కళాశాల కూడా అక్కడే. నాకు వీటిలో అన్నిటికంటే ఆత్మీయంగా తోచేది ఈ మూడోది. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రలో తిరిగి ఉపన్యాసాలిచ్చాక, ప్రభుత్వ బడులకు దీటుగా మన చదువు మనమే చెప్పుకోవాలన్న పట్టుదల బందరులో గట్టిపడింది. కోపల్లె హనుమంతరావు, 'కృష్ణాపత్రిక' సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆ ఆలోచనను 1910లో కళాశాలగా నిలబెట్టారు. ఎం.ఏ., బి.ఎల్. చదివిన హనుమంతరావు వకీలు వృత్తి జోలికి పోకుండా జీవితమంతా దానికే ధారపోసి, 1922లో చిన్న వయసులోనే పోయారు. జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పినవారే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఆయన. ఆ ఏడాదే గాంధీజీ తన పత్రికలో జెండా గురించి రాస్తూ, బందరు జాతీయ కళాశాల వెంకయ్య అనే ఆయన్ని పరిచయం చేశారు.

ఆ కళాశాల ప్రత్యేకత పుస్తకంతోపాటు పనిముట్టునూ విద్యార్థి చేతిలో పెట్టడం. మగ్గం, వడ్రంగం, యంత్రాల పని, చిత్రకళ అన్నీ చదువులో భాగమే. ప్రభుత్వ గుర్తింపు కోసం చేయి చాచలేదు కాబట్టి అక్కడి సర్టిఫికెట్టుతో సర్కారు కొలువు దొరకదు. అది తెలిసీ తమ పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అక్కడ యంత్రవిద్య నేర్చుకున్న ఒక కుర్రవాడు పింగళి నాగేంద్రరావు. 1901లో రాజాంలో పుట్టాడు, బందరులో పెరిగాడు. చదువయ్యాక ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. ఆ ఉద్యోగం వదిలేసి బందరు తిరిగొచ్చి నాటకాలు రాశాడు. ఆయన 'జేబున్నీసా' నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత సినిమాల్లోకి వెళ్లి 'పాతాళభైరవి', 'మాయాబజార్' సినిమాలూ, 'మిస్సమ్మ' పాటలూ రాశాడు. ఆ సినిమాల్లో మాట ఎక్కడా అతుకు కనిపించకుండా అమరుతుంది. ఆ పొందిక వెనక యంత్రవిద్య క్రమశిక్షణ కొంతయినా ఉందని నేను నమ్ముతాను. కులం పేరు చెప్పుకుని పెద్దరికం చేసేవాళ్లను తేలిక చేసే మాటలు అంత సులువుగా మాంత్రికుల నోటా రాక్షసుల నోటా పలికించగలిగాడంటే, అది జాతీయోద్యమపు బడిలో తయారైన బుద్ధి.

చిత్రకళ నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో అడివి బాపిరాజు ఒకరు. అప్పటికే రాజమండ్రిలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు ప్రిన్సిపాల్ ప్రోత్సాహంతో కుంచె పట్టినవాడు, వకీలు చదువు చదివినవాడు. 1934లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యి 1939 దాకా ఉన్నారు. ఆ 1934లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ బహుమతిని బాపిరాజు 'నారాయణరావు'కూ, విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'కూ పంచి ఇచ్చారు. ఆ ఇద్దరూ బందరు జాతీయ కళాశాలతో సంబంధమున్నవారే. విశ్వనాథ కూడా అక్కడ కొంతకాలం తెలుగు చెప్పారు. ఒక చిన్న రేవు పట్నంలో, ప్రభుత్వ గుర్తింపు లేని ఒక్క కళాశాల చుట్టూ ఇంతమంది చేరడం మామూలు సంగతి కాదు.

హిందూ హైస్కూల్లో తెలుగు పంతులుగా ఉన్నది తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. అవధానాలతో రాజసభలను గెలిచిన మనిషి బడిపిల్లలకు పద్యం చదవడం నేర్పారు. బందరులో ఆయన శిష్యుడైన విశ్వనాథ 1938 నుంచి బెజవాడ ఎస్సారార్ కాలేజీలో తెలుగు శాఖకు పెద్ద. ఆ కాలేజీ 1937లో పుట్టింది. నూజివీడు జమీందారు రాజా రంగయ్యప్పారావు పేరూ, చుండి వెంకటరెడ్డి పేరూ కలిపి దానికి పెట్టారు. మామిడి సీమ జమీ పేరు బెజవాడ కాలేజీ మీద ఉండటం మా వాళ్లకు ఈనాటికీ గర్వమే. బందరు దాకా వెళ్లలేని మెట్ట పిల్లలకు ఇంటర్మీడియట్ అందుబాటులోకి వచ్చింది దానితోనే.

రామారావు గారు విశ్వనాథ శిష్యుడైంది అక్కడే. కాలేజీ నాటకంలో ఆడవేషం వేయమంటే వేస్తానన్నారు గానీ మీసం తీయనన్నారు. మీసంతోనే నాగమ్మగా రంగస్థలమెక్కి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. ఈ ముచ్చట అందరికీ తెలిసిందే. ఆ సమయంలో ఆయన పాలు పోసి ఇంటికి ఆసరాగా నిలిచారన్న సంగతిని మాత్రం పిల్లలకు మరింత గట్టిగా చెప్పాలి. బెజవాడ హోటళ్లకు సైకిల్ మీద పాలు తీసుకెళ్లి పోసి, ఆ తర్వాత తరగతికి వెళ్లేవారు. 1923లో పుట్టిన ఆయన బి.ఏ. పూర్తి చేసేనాటికి యుద్ధం అయిపోయి రెండేళ్లు గడిచాయి.

ఈ బడుల పాత విద్యార్థులంతా ఒక్కచోట కలిసింది చూడాలంటే 1967 నాటి 'శ్రీకృష్ణావతారం' సినిమా చూడండి. కృష్ణుడుగా వేసింది ఎస్సారార్ కాలేజీ విద్యార్థి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు బందరు వాడు. నోబుల్ కాలేజీలో బి.ఏ. చదివి, కృష్ణాపత్రికలో 'సినిమా ఫాన్' పేరుతో సినిమా విమర్శలు రాసినవాడు. రాయబారం ఘట్టంలో వినిపించే పద్యాలు తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' లోవి. హిందూ హైస్కూలు పంతులు గారి పద్యాలను ఆయన శిష్యుడి శిష్యుడు తెర మీద చెప్పాడు. మా ఊళ్లలో తిరునాళ్లకు హార్మోనియం మోగితే ఇప్పటికీ వచ్చేవి ఆ పద్యాలే. అంతకు ముందు మైలవరం రాజావారి నాటక కంపెనీలో యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులు పద్యాన్ని ఎలా పాడేవారో మా పెద్దవాళ్లు తమ పెద్దవాళ్ల దగ్గర విని చెప్పేవారు. చదువు రాని రైతు కూడా రాయబారం పద్యం తప్పు లేకుండా అందుకోగలిగాడంటే, బడి గోడ దాటి వచ్చిన చదువు అది.

నీళ్ల సంగతితో మొదలైన ఈ కథలో ఇంకొకరిని చెప్పకపోతే అన్యాయం. 1902లో కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా ఒక కంటి చూపు పోయింది. ఆ ఒక్క కంటితోనే గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పి.హెచ్‌డి. తీసుకున్నారు. ఆయనే కె.ఎల్. రావు. నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయనది పెద్ద చేయి. 1962 నుంచి వరసగా మూడుసార్లు విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1963లో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు మంత్రి అయ్యారు. ఇవాళ పులిచింతల ప్రాజెక్టుకు ఉన్నది ఆయన పేరే. సాగర్ ఎడమ కాల్వ తిరువూరు, మైలవరం, నూజివీడు వైపు మెట్టకు నీళ్లిచ్చే ఆశ తెచ్చింది. చివరి భూములకు ఆ నీరు ఏటా సరిగ్గా అందడం లేదన్నది వేరే పోరాటం. అయినా ఆనకట్ట నీళ్ల మీద చదువుకున్న డెల్టా తరంలోని ఒక పిల్లవాడు పెద్దయ్యాక మెట్టకు నీళ్లు తేవడానికి తన జ్ఞానమంతా పెట్టాడు. మా ఊరి వాళ్లు ఆయన్ని మా వాడిగానే చెప్పుకోవాలి.

పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి ఇంతవరకూ రాశాను. మా మెట్ట పల్లెల నుంచి బెజవాడ వెళ్లి నాలుగో ఫారమో, ఐదో ఫారమో చదివి, జీతం కట్టలేక వెనక్కొచ్చి కరణీకం, పంతులుగిరీ, సేద్యం చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఊరికి ఉత్తరాలు చదివిపెట్టింది, పట్టాలకు అర్జీలు రాసిపెట్టింది వాళ్లే. ఆడపిల్లలు ఆ కాలపు బడి గ్రూపు ఫోటోల్లో లేరు. దళితవాడల నుంచి హైస్కూలు దాకా వెళ్లగలిగినవాళ్లు అతి కొద్దిమంది. వాళ్లకు తలుపు తీసింది ఎక్కువగా మిషన్ బడులు. ఆ లోటును కూడా చరిత్రలో రాసుకోవాలి.

ఆ కాలపు ఎస్సెస్సెల్సీ పుస్తకం ఒకటి మా బంధువుల ఇంట్లో చూశాను. ఇప్పటి సర్టిఫికెట్టులా ఒక్క కాగితం కాదు, అట్ట వేసి కుట్టిన పుస్తకం. ఫారం ఫారానికీ ఇంగ్లీషు, తెలుగు, లెక్కల మార్కులు నల్ల సిరాతో వేసి ఉన్నాయి. ఒక పేజీలో పుట్టుమచ్చల వివరం, కింద హెడ్మాస్టరు సంతకం. లెక్కల గడి దగ్గర మార్కు కొట్టేసి మళ్లీ వేసిన గుర్తుంది. అట్టకు చెదలు పట్టి ఒక మూల రాలిపోయింది. ఇంకో పదేళ్లుంటే దాని మీది పేరు కూడా మిగలదు.

అందుకే జి. కొండూరు, వెలగలేరు, కవులూరు, చెవుటూరు, కుంటముక్కల, గడ్డమణుగు, మిగతా ఊళ్ల వాళ్లందరినీ అడుగుతున్నాను. అటకల మీద, ట్రంకు పెట్టెల్లో మీ తాతల ఎస్సెస్సెల్సీ పుస్తకాలుంటే, వరసగా నిలబడి తీయించుకున్న బడి ఫోటోలుంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఫోన్‌తో ఫోటో తీసి, వెనక పేర్లు, ఊరు, ఏ బడో రాసిపెట్టండి. ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఫోటోలో ఎవరెవరో ఈ వేసవిలోనే అడిగి రాసుకోండి. మీ ఊరి బడిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు మిగిలి ఉంటే వాటిని పొడిచోట భద్రం చేయమని హెడ్మాస్టరు గారికి చెప్పండి. ఆ పేర్లన్నీ ఒకచోట చేరిస్తే మన ఊళ్ల చదువుల చరిత్రకు మొదటి పుస్తకం మనమే వేసుకోగలం.