రెండు పేలుళ్ల నడుమ

తొలకరి చినుకులు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాలలో జనం వంగి నడవడం మొదలుపెడతారు. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోయి ఎక్కడైనా ఒక వజ్రపు తునక తళుక్కుమంటుందేమోనని వారి ఆశ. ఈనాడు ఆ చినుకు అదృష్టానికి గుర్తు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇదే సీమలో తుపాకి పట్టి నిలబడిన బంటుకు మాత్రం అదే చినుకు గండం. అతని ఆయుధానికి నిప్పు కావాలి. ఆ నిప్పు ఒక తాడు కొసన ఉండేది. తాడు తడిసిందా, తుపాకి దుడ్డుకర్రతో సమానం.

ఆ తాడును జామగి అనేవారు. నూలు తాడును సురేకారపు నీటిలో నానబెట్టి ఆరవేస్తే జామగి తయారవుతుంది. సురేకారాన్నే మన పెద్దలు పెట్లుప్పు అన్నారు. జామగి కొసను అంటిస్తే మంట లేవదు. అగరువత్తి వలె కణకణమంటూ మెల్లగా కాలుతుంది. వేడి తగిలినప్పుడు సురేకారం తనలోని ఆక్సిజన్‌ను విడుస్తుంది. అందుచేత నిప్పు ఆరిపోకుండా నిలుస్తుంది. తుపాకిమందులోనూ ప్రధాన ద్రవ్యం ఇదే. నూరు పాళ్లలో 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలపడం స్థిరపడిన పద్ధతి. బయటి గాలితో పని లేకుండా గొట్టం లోపల మందు మండగలగడానికి కారణం ఈ ఉప్పే.

జామగి తుపాకిని ఒక్కసారి పేల్చడానికి ఎన్ని పనులో చూడండి. ముందుగా నిప్పు ఉన్న తాడును దూరంగా పట్టుకోవాలి. గొట్టం మూతిలో కొలిచిన మందు పోయాలి. దానిపై సీసపు గుండు వేసి కడ్డీతో దట్టించాలి. గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో సన్నని మందు, అనగా రంజకం, పోసి మూత వేయాలి. చుట్టూ రాలిన పొడిని ఊదివేయాలి. అప్పుడు జామగిని వంకర కొక్కేనికి తగిలించి, గిన్నె మూత తీసి, గురి చూసి మీట నొక్కాలి. కొక్కెం వంగి నిప్పును రంజకానికి తాకిస్తుంది. రంజకపు మంట చిన్న రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది. మీట నొక్కడానికీ గుండు వెలువడడానికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. ఆ క్షణంలో చేయి కదిలితే గురి తప్పినట్లే. ఇంత చేసిన తరువాత మళ్లీ మొదటి నుంచీ అంతా చేయాలి. ఎంత చేయి తిరిగినవాడైనా నిమిషానికి ఒకటి రెండు సార్లకు మించి పేల్చడం కష్టం.

రెండు పేలుళ్ల నడుమనున్న ఈ ఖాళీ యుద్ధాల గతిని మార్చింది. అందుకు మంచి ఉదాహరణ తుంగభద్రకు ఆవలి ఒడ్డున, ఆదోనికి ఎంతో దూరం లేని రాయచూరులో దొరుకుతుంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలకూ బిజాపురం ఆదిల్‌షాకూ అక్కడ యుద్ధం జరిగింది. గుర్రాల వ్యాపారం చేసిన పోర్చుగీసువాడు న్యూనిజ్ ఆ వృత్తాంతాన్ని వివరంగా వ్రాసిపెట్టాడు. ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలి రాయల ముందువరుసను చెదరగొట్టాయట. అయితే వాటిని మళ్లీ నింపేలోగా రాయల రెండవ వరుస వచ్చి మీద పడింది. ఫిరంగి ఎంత పెద్దదైనా నింపుతున్నంత సేపూ అది ఇనుప మొద్దే గదా!

రాయచూరు కోట ముట్టడిలో కథ తిరగబడింది. రాయల మనుషులు గడ్డపారలతో గోడ రాళ్లు పెకలిస్తుంటే పైనుంచి కోటవారు వారిని కొడుతున్నారు. అప్పుడు క్రిస్టోవాన్ డి ఫిగెరెదో అనే పోర్చుగీసు నాయకుడు ఇరవైమంది తుపాకిగాళ్లతో వచ్చి గోడపై తల కనిపించిన వారిని కనిపించినట్లు కాల్చసాగాడు. కోట అధిపతి కిందికి తొంగిచూస్తూ నుదుట గుండు తగిలి చనిపోయాడని న్యూనిజ్ అంటాడు. గోడపై నుంచి ఎవరూ ఎదురు రాలేకపోవడంతో తుపాకిని నింపుకునే ఆలస్యం అక్కడ అడ్డు కాలేదు. ఆయుధం ఒకటే, దాని నిదానం ఒకచోట ప్రాణం తీసింది, మరొకచోట లెక్కకు రాలేదు.

ఆ తరువాత ఆదోని కోట 1568లో బిజాపురం వశమైంది, 1688లో మొగలులకు చిక్కింది, 1786లో టిప్పు సుల్తాను చేతిలో ధ్వంసమైంది. ఇంత కాలంలో పడమటి దేశాల సైనికులు జామగి విడిచి చెకుముకి తుపాకికి మారారు. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కుపై కొట్టుకుని రవ్వలు రాలుస్తుంది, తాడు మోయనక్కరలేదు. పాలెగాండ్రను కొలిచిన కట్టుబడి బంట్ల చేతులలో మాత్రం జామగి తుపాకులు చాలాకాలం నిలిచాయి. అవి చవక, ఊరి కమ్మరి బాగుచేయగలడు. 1800లో ఈ సీమ కుంఫిణీకి దత్తమైనప్పుడు ఇక్కడ సుమారు 80 మంది పాలెగాండ్రు ఉన్నారు. వారి సైనికబలాన్ని అణచివేసినవాడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో. గవర్నరై ఈ జిల్లాలను చూడవచ్చిన ఆయన 1827 జూలై 6న, జొన్నగిరికి దగ్గరిలోని పత్తికొండలో, కలరాతో మరణించాడు.

చెకుముకి తుపాకిలోనూ రంజకపు గిన్నె ఉండేది. వానబాధ కొంత తగ్గిందే తప్ప పోలేదు. దానికి మందు కనిపెట్టినది సేనాని కాదు, అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండు పాదరి. ఆయనకు పక్షులవేట ఇష్టం. గిన్నెలో మెరుపు చూసి పక్షులు గుండు రాకముందే ఎగిరిపోతున్నాయి! దెబ్బ తగిలితే పేలే రసాయనాన్ని వాడి ఆయన 1807లో పేటెంటు పొందాడు. దాని నుంచే రాగి టోపీ తుపాకి, ఆపైన టోపీ, మందు, గుండు ఒక్కటిగా ఇమిడిన తూటా వచ్చాయి. 19వ శతాబ్ది చివర పొగలేని మందు రాగానే పాత నల్లమందు సైన్యాల నుంచి తొలగిపోయింది.

యుద్ధానికి పనికిరాకుండా పోయిన ఆ నిదానమే ఇప్పుడు ఒక ఆటకు ప్రాణం. మూతి నుంచి నింపే తుపాకులతో పందేలు జరిపించే అంతర్జాతీయ సంఘం, మజిల్ లోడర్స్ అసోసియేషన్స్ ఇంటర్నేషనల్ కమిటీ, 1971 నుంచి పనిచేస్తున్నది. అందులో జామగి తుపాకి పందెం పేరు తానెగాషిమా. 1543లో పోర్చుగీసువారు జపానుకు తొలి తుపాకులు చేర్చిన దీవి పేరు అది. గురి 50 మీటర్ల దూరాన ఉంటుంది. గొట్టం లోపల మెలిగాట్లు ఉండవు. నిలబడి, ఏ ఆధారమూ లేకుండా కాల్చాలి. మోకాటిపై కూర్చుని కాల్చే పందెం వేరే ఉన్నది. అసలైన పాత తుపాకులకూ, కొత్తగా చేసిన నకళ్లకూ వేరువేరు తరగతులు.

వ్యవధి 30 నిమిషాలు. అందులో 13 సార్లు కాల్చవచ్చు. మేలైన 10 మాత్రమే లెక్కకు వస్తాయి. అంటే ఒక్కొక్క గుండుకు సుమారు 138 సెకన్లు. నల్లమందు మండినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలి గొట్టంలో పేరుకుంటుంది. పందెం సాగేకొద్దీ గుండు దిగడం కష్టమవుతుంది. మొరాయించడం పాత తుపాకి సహజగుణమని తెలిసినవారు పెట్టిన నియమం ఇది. మందును పెద్ద డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి వంచడానికి వీలులేదు. ఒక్కొక్క పేలుడుకు సరిపోయేంత మందు చిన్న సీసాలలో ముందే కొలిచి తెచ్చుకోవాలి. గొట్టంలో ఒక నిప్పురవ్వ మిగిలి ఉంటే అంటుకునేది ఆ కాస్త మందే; డబ్బా చేతిలో పేలదు. ఈ నియమం వెనుక ఎన్ని చేతులు కాలి ఉంటాయో!

ఇదే కుటుంబానికి చెందినా స్వభావంలో పూర్తిగా ఎదురుగా నిలిచే ఆట అమెరికాలో ఉన్నది. దానిని కౌబాయ్ యాక్షన్ షూటింగ్ అంటారు. దానికోసం సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ 1987లో ఏర్పడింది. 19వ శతాబ్ది పశ్చిమ అమెరికా వేషం వేసుకుని, ఒక మారుపేరు పెట్టుకుని పాల్గొనాలి. రెండు రివాల్వర్లు, కింది మీటను ఆడించి తూటా మార్చే రైఫిలు, ఒక షాట్‌గన్ ఉండాలి. అన్నీ ఆ కాలపు నమూనాలే. ఇక్కడ శత్రువు గడియారం. కూత వినగానే కాలం మొదలవుతుంది. నిర్ణయించిన వరుసలో ఉక్కు పలకలను కొట్టాలి. ఒకటి తప్పితే 5 సెకన్లు, వరుస తప్పితే 10 సెకన్లు కలుపుతారు. దిట్టలు రెండు డజన్ల గుండ్లను అర నిమిషం లోపలే ముగిస్తారు.

వేగంగా సాగే ఈ ఆటలో నియమాలు మరీ కఠినం. రివాల్వర్‌లో ఆరు గదులున్నా అయిదు తూటాలే పెట్టాలి. సుత్తి ఖాళీ గదిపై ఆనాలి. పాత నమూనాలో సుత్తి మొన నేరుగా తూటా టోపీపై ఆనుతుంది కనుక, తుపాకి జారిపడితే చాలు పేలుతుంది. గుండ్లు మెత్తని సీసంతోనే ఉండాలి, వేగానికి పరిమితి ఉన్నది. ఉక్కుకు తగిలిన సీసం చితికి చెదురుతుంది. గట్టి లోహమైతే తిరిగి కాల్చినవాని మీదికే రావచ్చు.

మన దేశంలో ఇటువంటి ఆట వేళ్లూనలేదు. కారణం చేతకానితనం కాదు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదన్నది. జామగి తుపాకి పట్టిన సీమలలో ఆ విద్య తరువాతి తరానికి అందలేదు. స్వతంత్ర భారతం 1959లో చేసిన చట్టమూ లైసెన్సును నిలిపి ఉంచింది. కాని అందులో మూతి నుంచి నింపే తుపాకికి ఒక చోటు మిగిలింది. ఆటకో ఆత్మరక్షణకో అడిగేవారికి, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నని తుపాకి గురించి ఆ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. పంట కాపుదలకు నిజంగా అవసరమున్న రైతు గురించి చెప్పేటప్పుడు అదే సెక్షన్ మూతి నుంచి నింపే తుపాకిని పేరు పెట్టి పేర్కొంటుంది.