భూకేంద్రమండలం: ఒక శాస్త్రభావన చరిత్ర

1. ఉపోద్ఘాతం

భూకేంద్రమండలాన్ని చూసినవారెవరూ లేరు. అక్కడి పదార్థం రవ్వంతైనా పరిశోధకుల చేతికి చిక్కలేదు. అయినా భూమి నడుమ ఇనుము ప్రధానంగా గల లోహగోళం ఉన్నదని నేడు శాస్త్రలోకం అంగీకరిస్తున్నది. తూకం, భూకంప తరంగాలు, రసాయన విశ్లేషణ అనే మూడు మార్గాలలో ఈ నిశ్చయం ఏర్పడిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సాంద్రత నుంచి తరంగాల దాకా

1798లో హెన్రీ కావెండిష్ ప్రయోగం భూమి సగటు సాంద్రత నీటికంటె సుమారు 5.5 రెట్లని తేల్చింది. ఉపరితల శిలలలో అధికభాగం సాంద్రత 3 రెట్లకు మించదు. లోపలి శిలలు ఒత్తిడివల్ల దట్టమయ్యాయా, లేక అక్కడి పదార్థమే వేరా అన్న ప్రశ్న మిగిలింది. 1897లో ఎమిల్ వీషెర్ట్ రెండవ పక్షాన్ని సమర్థించి, శిలామయమైన పొర లోపల ఇనుప కేంద్రం ఉన్నదని ప్రతిపాదించాడు.

అదే సంవత్సరం జూన్ 12న అస్సాంలో మహాభూకంపం సంభవించింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దానిని అధ్యయనం చేసి, భూకంప తరంగాలలోని రకాలను వేరుపరచగలిగాడు. భూమి మధ్యగా వచ్చే తరంగాలు ఆలస్యంగా చేరడాన్నిబట్టి 1906లో కేంద్రమండలం ఉనికిని నిరూపించాడు. తరువాత బేనో గుటెన్‌బర్గ్ దాని సరిహద్దు 2,900 కిలోమీటర్ల లోతున ఉన్నదని గణించాడు. అది ద్రవమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్, ఆ ద్రవంలో మరొక అంతఃకేంద్రం ఉన్నదని 1936లో ఇంగె లేమన్ చూపారు.

3. రసాయన సాక్ష్యం

మూలకాలలో కొన్ని ఇనుమును, కొన్ని శిలను ఆశ్రయిస్తాయని 1920లలో విక్టర్ గోల్డ్‌స్మిట్ వర్గీకరించాడు. భూమి కరిగి ఉన్న దశలో ఇనుము లోపలికి దిగుతూ నికెల్, బంగారం, ప్లాటినం వంటివాటిని వెంట తీసుకుపోయింది. భూపటలంలో బంగారం అరుదు కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ విభజన ఎప్పుడు జరిగింది? హాఫ్నియం-182 క్షీణించి టంగ్‌స్టన్-182గా మారుతుంది. దాని అర్ధాయువు దాదాపు 90 లక్షల సంవత్సరాలు. హాఫ్నియం శిలతో నిలుస్తుంది, టంగ్‌స్టన్‌లో అధికభాగం ఇనుముతో పోతుంది. హాఫ్నియం-182 మిగిలి ఉండగానే లోహం వేరుపడితే, శిలలో టంగ్‌స్టన్-182 పాలు ఆదిమ ఉల్కలలోకంటె ఎక్కువ కావాలి. 1995 నాటి కొలతల్లో అట్టి తేడా కనబడకపోవడంతో కేంద్రమండలం ఆలస్యంగా ఏర్పడిందని భావించారు. 2002లో రెండు పరిశోధక బృందాలు ఉల్కలను మళ్లీ కొలిచి, పదివేలకు సుమారు 2 వంతుల తేడాను గుర్తించాయి. ఆ స్వల్పభేదంతో కేంద్రమండల నిర్మాణకాలం సౌరకుటుంబ జననానంతరం సుమారు 3 కోట్ల సంవత్సరాలకు జరిగింది.

4. ముగింపు

ఈ కాలగణనకూ ఒక షరతు ఉన్నది. భూమిని ఢీకొన్న చిన్న గ్రహాలకు ముందే లోహకేంద్రాలు ఉండి, అవి శిలాద్రవంలో పూర్తిగా కలవకుండా నేరుగా లోపలికి దిగితే లెక్క మారుతుంది. ప్రావారంలో ప్లాటినం వర్గ లోహాలు ఊహించినదానికంటె ఎక్కువగా ఉండటాన్ని కొందరు తరువాత రాలిన ఉల్కల ఫలితమంటారు. మరికొందరు అధిక పీడనంలో ఆ లోహాల స్వభావం మారుతుందంటారు. కాబట్టి కేంద్రమండలం ఉనికి స్థిరపడినా, దాని పుట్టుక ఒక్క ఘటన కాదనీ, అనేక సంఘాతాల కూడిక అనీ గ్రహించడమే ఈ చరిత్ర ఇచ్చే సారాంశం.